సంతకమునకు ముందు

సమస్య

మాది పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు. నా చెల్లెలు ఆరేండ్ల క్రిందట ఖాదిం వీసా మీద కువైట్ వెళ్లి ఒక ఇంట పనికి కుదిరినది. ఆమె పిల్లలిద్దరు మా వద్దనే చదువుకొనుచున్నారు. నాలుగు నెలలుగా జీతము చేతికి రాక, అడిగినప్పుడెల్ల మాటలు పడి, కడకొక రాత్రి ఆ ఇల్లు విడిచి అక్కడున్న మా నరసాపురము వారి గదిలో తలదాచుకొనగా, మరునాడే కఫీలు, అనగా ఆ ఇంటి యజమాని, ఆమె పారిపోయినదనియు, రెండు బంగారు గాజులు పట్టుకొనిపోయినదనియు ఫిర్యాదు చేసినాడు. ఇప్పుడామె పోలీసుల నిర్బంధములో ఉన్నది. మొన్న రెండు నిమిషములు ఫోనులో మాటలాడి, “అన్నయ్యా, ఆ గాజులు నేను చూడనైనా లేదు. అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టనా?” అని ఏడ్చినది. ఇక్కడి ఏజెంటు, “ఒప్పుకుంటే డిపోర్టు చేసి పంపించేస్తారు, పీడ విరగడైపోతుంది” అని ఏబది వేలు అడుగుచున్నాడు. మా అమ్మ అన్నము ముట్టుట లేదు. ఏమి చేయమందురు?

— ఒక అన్న, మొగల్తూరు

సలహా

నాయనా, నీ చెల్లెలడిగిన మాటకే ముందు జవాబు చెప్పెదను: అర్థము కాని కాగితము మీద సంతకము పెట్టరాదు, చేయని దొంగతనమును ఒప్పుకొనరాదు. ఇదివరకే పెట్టియున్నచో ఆ సంగతి వకీలుకు దాచక చెప్పవలెను.

ఇల్లు విడిచినదను ఫిర్యాదు అకామాకు, అనగా నివాసానుమతికి, సంబంధించినది. గాజుల ఫిర్యాదు నేరమునకు సంబంధించినది. ఏజెంటు ఈ రెంటిని ఒకే మూటగా కట్టి చూపుచున్నాడు. దొంగతనము ఒప్పుకొన్నవారిని మరునాడే విమానమెక్కింతురని నమ్మరాదు. ముందు శిక్ష, ఆపై దేశబహిష్కారము, వేలిముద్రలు నమోదైన పిమ్మట మరల ఆ దేశపు గడప తొక్కకుండ నిషేధము. కేసు కొట్టివేసినంత మాత్రమున అకామా నిలుచునని నేను చెప్పజాలను; ఆమె ఎటులైనను ఇంటికి రావలసి రావచ్చును. కాని దొంగ యను తీర్పును మోసికొని వచ్చుట వేరు, నిర్దోషిగా వచ్చి పిల్లల ముఖము చూచుట వేరు.

ఒక ఉదాహరణము వినుము: నలువది ఏండ్లకు పైగా అమెరికాలో చట్టబద్ధముగా నివసించి, వియత్నాం యుద్ధకాలమున ఆ దేశపు సైన్యములో పనిచేసిన హోసే పాడిలా యను హోండురాస్ దేశీయుడు, ఇంతకాలమున్న వానికి భయము లేదన్న తన వకీలు మాట నమ్మి గంజాయి కేసులో నేరమొప్పుకొని, బహిష్కారమునకు గురికావలసిన స్థితికి వచ్చెను. అట్టి ప్రమాదమున్నదని కక్షిదారునకు ముందుగా చెప్పుట వకీలు విధి యని 2010లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు కువైట్‌లో చెల్లదు. అయినను జైలు ఎన్నాళ్లని మాత్రమే గాక, ఒప్పుకొన్నచో నివాసానుమతి ఏమగునని కూడ వకీలు నడుగవలెనన్న బుద్ధి దానివలన మనకు కలుగవలెను.

1963 నాటి వియన్నా ఒడంబడిక 36వ అధికరణము ప్రకారము, నిర్బంధములోనున్న విదేశీయులు కోరినచో ఆ సంగతి వారి దేశపు కాన్సులేటుకు తెలుపవలెను. కనుక “మా ఎంబసీకి చెప్పండి, తెలుగు తెలిసినవారిని పిలిపించండి” యని ఆమె గట్టిగా అడుగవలెను. నీవు ఇక్కడినుండి విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ప్రవాసాంధ్రుల కొరకున్న ఏపీ ఎన్నార్టీ సంస్థకు తెలిపి, భారతీయ సమాజ సంక్షేమ నిధి నుండి న్యాయసహాయము ఇప్పింపుమని ఎంబసీని వ్రాతమూలముగా కోరుము. ఇంటి పనివారికి నెలనెలా జీతమీయవలెననియు, వారి పాస్‌పోర్టు యజమాని అట్టిపెట్టుకొనరాదనియు కువైట్ 2015లో చేసిన 68వ చట్టము చెప్పుచున్నది. జీతము రాలేదని ఆమె పంపిన వాట్సాప్ మాటలు, బ్యాంకులో డబ్బు పడిన తేదీలు, పడక నిలిచిన నెలలు వరుసగా వ్రాసి ఉంచుము. ఆమె ఏల ఇల్లు విడిచినదో అవియే చెప్పును.

ఏజెంటు అడిగిన ఏబది వేలు వకీలు కొరకు దాచుము. మరల ఫోను వచ్చినచో ముందుగా అమ్మ చేత మాటలాడింపుము. అన్న చెప్పు చట్టము కంటె, “నీవు తీయలేదని మాకు తెలుసమ్మా” యన్న తల్లి మాటయే ఆ పిల్ల చేతిని సంతకము పెట్టకుండ ఆపగలదు.