బల్బు వెలిగితే జనరేటర్ బాగున్నట్టేనా?

ప్రశ్న: మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. ట్రాక్టర్ పి.టి.ఓ.కు తగిలించి నడిపే పాత జనరేటర్‌ను కామారెడ్డిలో ఒక వ్యాపారి దగ్గర కొన్నాను. బల్బు వేసి చూపించాడు, వెలిగింది. ఇంటికి తెచ్చి బోరు మోటారు వేస్తే వోల్టేజీ పడిపోతోంది. అడిగితే ‘చూస్కునే తీస్కున్నవ్ గద’ అంటున్నాడు. నాకు హక్కేమీ లేదా?

జవాబు: ఉంది. కానీ ఆయన మాటను కొట్టిపారేయలేం, చట్టంలో దానికి కొంత బలముంది. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఒక రకం సరుకు అమ్మే వ్యాపారి ఫలానాది అని చెప్పి అమ్మితే అది ఆ పేరుకు తగ్గ నాణ్యతతో ఉండాలి. అయితే కొనేవారు సరుకును పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాల గురించి తర్వాత అడగలేరు. ‘ఆ పరీక్షలో’ అన్నచోటే మీకు పట్టు దొరుకుతుంది. బల్బు వేస్తే వైండింగ్ దమ్ము తెలియదు. కాబట్టి ఈ లోపం మీరు చూసి కొన్నది కాదని వాదించవచ్చు. ‘ఎట్లున్నది అట్లనే’ అని రాసిన కాగితం మీద మీరు సంతకం చేసి ఉంటే మాత్రం కష్టం. 62వ సెక్షన్ అలాంటి ఒప్పందాన్ని ఒప్పుకుంటుంది.

ఇంకా కొననివారికి ఒక మాట. కోర్టు చుట్టూ తిరగడం కంటే అరగంట లోడు మీద నడిపి చూడటం నయం. సరుకు అప్పగించేటప్పుడు పరీక్షించుకునే అవకాశం ఇమ్మని అడిగితే అమ్మేవారు ఇవ్వాలి, 41వ సెక్షన్ ఆ హక్కు ఇస్తోంది. పి.టి.ఓ. వేగం ప్లేటు మీద రాసినంత ఉంచి, మీరు నడపబోయే మోటారునే తగిలించండి. మూడు ఫేజుల వోల్టేజీ, 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ లోడు పడ్డాక కూడా నిలుస్తున్నాయా చూడండి. వైండింగ్ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ పరీక్ష చేయించండి.

‘వరదలో మునిగిందా?’ అని తప్పక అడగండి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచిన వానలను ఎవరూ మరిచిపోలేదు. తడిసిన వైండింగ్‌ను ఆరబెట్టి పైన పెయింటు కొడితే కంటికి ఆనదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఊరికే మౌనంగా ఉండటం సాధారణంగా మోసం కాదు. అడిగినప్పుడు తెలిసీ అబద్ధం చెబితే మోసమే, ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. వ్యాపారి కాని తోటి రైతు దగ్గర కొంటే 16వ సెక్షన్ నాణ్యత రక్ష దొరకదు. అప్పుడు మీ ప్రశ్నకు అమ్మేవారు ఇచ్చిన జవాబే మీకు ఆధారం. బయానా ఇచ్చేముందే దాన్ని రసీదులో రాయించుకోండి.

మీ విషయంలో ముందు వ్యాపారికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఈ గొడవ తేలేదాకా జనరేటర్‌ను విప్పించకండి, రీవైండింగ్ చేయిస్తే సాక్ష్యం పోతుంది. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటును బట్టే ఫిర్యాదు వేయవచ్చు, రెండేళ్ల గడువుంది. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ‘వ్యాపారానికి కొన్నావు, నువ్వు వినియోగదారుడివి కాదు’ అని అవతలివారు అంటారు. స్వయంగా పనిచేసి బతుకుతెరువు కోసమే వాడితే అది వ్యాపార ప్రయోజనం కిందికి రాదు. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. ఒకరిద్దరి సాయం తీసుకున్నా ఫర్వాలేదంది. జీతగాళ్లను పెట్టి పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేవారికి మాత్రం ఈ దారి కష్టం.

మరో సంగతి. ట్రాక్టర్‌కు ఆర్‌సీ ఉంటుంది, జనరేటర్‌కు ఉండదు. అది దొంగ సొత్తని తేలితే పోలీసులు పట్టుకుపోతారు, అసలు యజమానికే చేరుతుంది. మీ డబ్బును మీకు అమ్మినవారి దగ్గరే వసూలు చేసుకోవాలి. పాత బిల్లు అడగండి, ప్లేటు మీది సీరియల్ నంబరు రసీదులో ఎక్కించండి. ఆ నంబరు గీకేసి ఉంటే ధర ఎంత తగ్గించినా కొనకండి.