తోరణం వెనక ప్రోగ్రాం

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందు రోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా వీధంతా దీపాల తోరణాలతో వెలుగుతుంది. వెనకాలే దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి, అరసవల్లి రథసప్తమి, ఆపైన పెళ్లిళ్లు, వేసవిలో ఊరూరా గ్రామదేవతల పండగలు. మన జిల్లాల్లో లైటింగ్ పని దొరకడం కష్టం కాదు. ఆ పనిలో పైకి రావడమే కష్టం.

కొత్తవలస, ఎస్.కోట, పెందుర్తి చుట్టుపక్కల లైటింగ్ షాపుల్లో పనిచేసే కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. డిప్లొమానో బీటెక్కో చేసి, రోజూ కొత్తవలస జంక్షన్లో రైలెక్కి విశాఖలో ఉద్యోగం వెతుక్కుంటున్న అమ్మాయిలు, అబ్బాయిల కోసం కూడా. గెడలు పాతి తీగలు లాగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరో ఇచ్చిన కార్డు కంట్రోలర్లో పెట్టి స్విచ్చి వేసేవాళ్లకూ కొదవ లేదు. పాటకు తగ్గట్టు దీపాలు ఆడించే ప్రోగ్రాం సొంతంగా రాసేవాళ్లు తక్కువ. ఆ ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ మన పండక్కి ఎక్కడ సరిపోవడం లేదో పట్టుకుని, దాన్ని బాగుచేయగలవాళ్లు బొత్తిగా లేరు. ఆ చోటు మీది కావాలి.

ఇప్పుడు ఎక్కువ షాపుల్లో నడుస్తున్న పద్ధతి మీకు తెలిసిందే. టీ-1000ఎస్, టీ-8000 లాంటి చైనా కంట్రోలర్లు. విండోస్ లాప్‌టాప్‌లో ఎల్ఈడీ ఎడిట్. చేతులు మారుతూ వచ్చిన ఎస్‌డబ్ల్యూఎఫ్ ఎఫెక్టుల మూట. వాటిని బోర్డు మీదికి సర్ది, ఎస్‌డీ కార్డులోకి ఎక్కించి, పెట్టెలో పెట్టేస్తే పని అయిపోతుంది. ధర తక్కువ, మొండిగా పనిచేస్తుంది. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. కానీ ఆ ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైళ్లు ఫ్లాష్‌వి. ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబీ సంస్థ 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసింది. కొత్త ఎఫెక్టులు తయారుకావడం తగ్గిపోయి, అవే నెమళ్లు, అవే చక్రాలు ప్రతి వీధిలోనూ తిరుగుతున్నాయి. అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. మైక్ సెట్‌లో పాట దారి పాటది, కార్డులో దీపాల దారి దీపాలది. రెంటినీ కలిపేది ఏదీ లేదు.

కలిపే పని బయట చాలాకాలంగా జరుగుతోంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని మేసన్ అనే ఊళ్లో కార్సన్ విలియమ్స్ అనే ఇంజనీరు తన ఇంటికి పెట్టిన క్రిస్మస్ దీపాలను పాటకు సరిగ్గా ఆడించాడు. ఆ వీడియో 2005లో ప్రపంచమంతా చూసింది. ఆయన వాడింది 88 ఛానళ్లు. అంటే విడివిడిగా వెలిగించి ఆర్పగల 88 వరసలు. ఇవాళ్టి పిక్సెల్ బల్బు ఒక్కదానికే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఛానళ్లు కావాలి. ముప్ఫై బల్బుల దండ ఆయన ఇంటిని దాటేస్తుంది. సరుకు మన దగ్గరా అంత పెరిగింది, దాన్ని నడిపే తెలివి మాత్రం ఎస్‌డీ కార్డు దగ్గరే ఆగింది.

పాటనూ దీపాలనూ కలిపే ఎక్స్‌లైట్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంటుంది. మీ వీధి ఫొటో వెనక పెట్టుకుని, దాని మీద తోరణాలు, స్తంభాలు, బోర్డులు ఎక్కడున్నాయో గీసుకోవచ్చు. కింద పాట తరంగం కనిపిస్తుంది. పాట ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ గుర్తు పెట్టి, ఆ గుర్తుకు ఎఫెక్టు తగిలిస్తారు. తయారైన ఫైలును రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్లో ఫాల్కన్ ప్లేయర్ నడిపిస్తుంది. పాటా దీపాలూ ఒకే యంత్రం నుంచి బయల్దేరతాయి కాబట్టి తప్పిపోవు. ఒక్క తీగ లాగకముందే కమిటీ పెద్దలకు లాప్‌టాప్‌లో వీధంతా వెలిగించి చూపించగలగడం మరో లాభం. బేరం అక్కడే సగం కుదురుతుంది.

ఇక అసలు పని. ఆ సాఫ్ట్‌వేర్ మన వీధికి వచ్చేసరికి ఎక్కడ తడబడుతుంది?

మొదటిది తాళం. పాటలో దెబ్బలు తనంతట తానే పట్టుకునే ఏర్పాటు ఇందులో ఉంది. అయితే అది మామూలుగా ఒక ఆవృత్తానికి నాలుగు దెబ్బలని లెక్క వేసుకుంటుంది. సినిమా పాటలకు, ఆదితాళంలో ఉన్న భక్తి పాటలకు అది నడుస్తుంది. మిశ్రచాపులో ఏడు, ఖండచాపులో ఐదు. అక్కడ నాలుగు లెక్కతో రంగులు మారితే రెండో ఆవృత్తానికే దీపాలు పాటను వదిలేస్తాయి. చూసే జనానికి కారణం తెలియదు, ఏదో అతకలేదని మాత్రం తెలుస్తుంది. దీనికి మందు రెండు రకాలు. లెక్కను ఐదుకో ఏడుకో మార్చుకోవడం ఒకటి. పాట నడుస్తుండగా కీబోర్డు మీద 'టీ' అక్షరం నొక్కుతూ చేత్తోనే గుర్తులు పెట్టుకోవడం రెండోది. చేత్తో పెట్టినదే ఎప్పుడూ మెరుగని నా నమ్మకం. దానికి తాళం మీ చేతిలో ఉండాలి. 1919లో మొదలై ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా నడిచిన సంగీత కళాశాల విజయనగరంలోనే ఉంది. అక్కడ చదువుకున్న మృదంగం విద్యార్థి మీ వీధిలో ఉంటే, రెండు సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని పాట విభజించుకోండి. లైటింగ్ పనికి సంగీతం తెలిసినవాడి సాయం అడగడం మనవాళ్లకు అలవాటు లేదు. అలవాటు చేసుకోవాలి.

డప్పు, తప్పెటగుళ్లు వచ్చేసరికి సంగతి వేరు. అక్కడ ముందుగా రికార్డు చేసిన పాట లేదు. తప్పెటగుళ్ల దళం జోరు పెంచుకుంటూ పోతుంది, మధ్యలో ఆగుతుంది, మళ్లీ అందుకుంటుంది. దానికి ముందే రాసుకున్న ప్రోగ్రాం పనికిరాదు. ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డుకు మైకు తగిలించి, డబ్ల్యూఎల్ఈడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో శబ్దానికి స్పందించేలా చేయొచ్చు. ఐతే అది ఊరేగింపులోని గోలంతా వింటుంది. జనరేటర్ మోతకూ బాణసంచాకూ వెలుగుతుంది. డప్పు దెబ్బను మాత్రమే ఏరుకుని మిగతాది వదిలేసేలా ఆ వడపోతను సరిచేస్తే, అది మన ప్రాంతం నుంచి వెళ్లే మంచి మెరుగు అవుతుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఇది చక్కని ప్రాజెక్టు. కాలేజీలో ఎవరో చేసిన ప్రాజెక్టు కొనుక్కుని చూపించే బదులు దీన్ని చేయండి.

రెండోది దూరం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. గుడి దగ్గర స్పీకరు పెట్టి, వంద మీటర్ల అవతల తోరణం కడితే, అక్కడ నిలబడ్డవాళ్లకు పాట దాదాపు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది. వెలుగు మాత్రం వెంటనే కనిపిస్తుంది. వేగంగా నడిచే పాటలో 0.3 సెకను అంటే ఒక దెబ్బ పోయినట్టే. కాబట్టి ప్రోగ్రాం రాసేవాడు వీధిలో స్పీకర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో మైక్ సెట్ వాళ్లను ముందే అడగాలి. దూరపు తోరణాలకు ఆ మేరకు ఆలస్యం కలపాలి. ఇక ఒక్కో తోరణానికి ఒక్కో కార్డు పెట్టి, స్విచ్చులు ఒకేసారి వేస్తే చాలనుకుంటారు. కానీ ప్రతి కంట్రోలర్‌కూ సొంత గడియారం ఉంటుంది. పది లక్షల్లో 50 పాళ్లు తేడా ఉన్నా గంటకు 0.18 సెకను జరుగుతుంది. సాయంత్రం ఆరుకు కలిసి మొదలైనవి పదకొండింటికి ఒక సెకను దాకా విడిపోతాయి. వాటిని నెట్‌వర్క్‌తో కట్టి, ఒకటి పెద్దగా ఉండి మిగతావి దాని మాట వినేలా చేయడం ఫాల్కన్ ప్లేయర్లో ఉంది. ఒక్క లాన్ కేబుల్ ఖర్చు.

మూడోది కరెంటు. సాఫ్ట్‌వేర్‌కు రంగు తెలుసు, తీగ వేడెక్కడం తెలియదు. 5 వోల్టుల పిక్సెల్ బల్బు పూర్తి తెలుపులో సుమారు 60 మిల్లీ యాంపియర్లు లాగుతుంది. రెండు వేల బల్బుల తోరణానికి 120 యాంపియర్లు. రెండు 60 యాంపియర్ల ఎస్ఎంపీఎస్‌లు పెడితే అంచున నిలబడ్డట్టే. మూడు పెట్టాలి, లేదా వెలుగు తగ్గించాలి. మన కంటికి సగం కరెంటుతో నడిచే దీపం సగం మసకగా ఏమీ కనిపించదు కాబట్టి వెలుగు తగ్గించడంలో నష్టం లేదు. దండ చివర తెలుపు ఎర్రబడుతుంటే అది ప్రోగ్రాం తప్పు కాదు, వోల్టేజీ పడిపోతోందని గుర్తు. ఎరుపుకన్నా నీలానికీ ఆకుపచ్చకూ ఎక్కువ వోల్టేజీ కావాలి, అవి ముందు చచ్చుబడతాయి. మధ్యలో మరోచోట కరెంటు అందించాలి. వేగం సంగతీ ఇంతే. ఒక బల్బుకు సమాచారం చేరడానికి 30 మైక్రోసెకన్లు. రెండు వేల బల్బులూ ఒకే వరసలో పెడితే ఒక్కో చిత్రానికి 60 మిల్లీసెకన్లు, సెకనుకు పదహారు చిత్రాలే. పరుగెత్తే వెలుగు గెంతుతూ కనిపిస్తుంది. అదే బల్బుల్ని నాలుగు వరసలు చేస్తే 15 మిల్లీసెకన్లకు దిగుతుంది. ప్రోగ్రాం రాసేవాడు తోరణం కట్టే రోజే అక్కడ ఉండాలని చెప్పేది ఇందుకే. మీ షాపు తోరణాల లెక్కలన్నీ వేసి, ఎన్ని ఎస్ఎంపీఎస్‌లు కావాలో, ఎక్కడ కరెంటు అందించాలో చెప్పే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాయండి. ఎక్స్‌లైట్స్ తన అమరికను ఎక్స్ఎంఎల్ ఫైలులోనే దాచుకుంటుంది, పైథాన్‌తో సులువుగా చదవొచ్చు. కోడ్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి మొదటి పాఠం నాకు తెలియదు.

ఇక్కడే ఇంకో మాట. అక్టోబర్ మనకు తుఫాన్ల నెల. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న వచ్చింది, 2018లో తిత్లీ అక్టోబర్ 11న. సిరిమాను కూడా మామూలుగా ఈ నెలలోనే. 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు లేని చోట ఎంత మంచి ప్రోగ్రాం ఉన్నా స్విచ్చి వేయకండి. యజమాని తొందరపెట్టినా, కమిటీవాళ్లు కోప్పడినా వేయకండి.

నాలుగోది మన అక్షరం. "బాబూ, అమ్మవారి పేరు వంకరగా వస్తందేటి?" అని అడగని పెద్దమనిషి ఉండడు. పాత సాఫ్ట్‌వేర్లలో 'శ్రీ' అని కొడితే శకారం ఒకచోట, రావత్తు ఇంకోచోట పడతాయి. ఫ్లెక్సీ షాపు నుంచి తెచ్చిన అను ఫాంట్ల రాత ఇంకో సాఫ్ట్‌వేర్లో చదవడానికే రాదు. చాలామంది బొమ్మగా మార్చి పెట్టేస్తారు, ప్రస్తుతానికి అదే సరైన దారి. కానీ పదహారు బల్బుల ఎత్తు బోర్డులో ఇంగ్లీషు అక్షరం ఇమిడినట్టు మన అక్షరం ఇమడదు. పైన గుడి, కింద వత్తు ఉండాలి. ఇరవైనాలుగు వరసలైనా కావాలని నా అంచనా. ఆ ఎత్తుకు ప్రతి చుక్కా చేత్తో పెట్టి, వత్తులతో సహా ఒక తెలుగు అక్షరాల సెట్టు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చేవాళ్లు కావాలి. కోడ్ రాకపోయినా ఓపిక, మంచి చేతిరాత ఉన్నవాళ్లు చేయగల పని ఇది. సైన్‌బోర్డులు రాసిన పెయింటర్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లను కలుపుకోండి.

లోపం కనిపించాక ఏం చేయాలి? "పనిచేయడం లేదు" అని ఎవరికి చెప్పినా ఉపయోగం లేదు. ఎక్స్‌లైట్స్, ఫాల్కన్ ప్లేయర్, డబ్ల్యూఎల్ఈడీ మూడింటి కోడ్ గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో ఉంది. అక్కడ లోపాలు రాసే చోటు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్, కంట్రోలర్ ఏది, ఏం నొక్కారు, ఏం జరగాలి, ఏం జరిగింది అనేది వరసగా రాయండి. మొత్తం పండగ ఫైలు పంపొద్దు. లోపం కనిపించేంత చిన్న ఫైలు, పది బల్బులది, తయారుచేసి జతచేయండి. ఆ చిన్న ఫైలు తయారుచేసే క్రమంలోనే సగం సార్లు తప్పు మన వైరింగుదో సాఫ్ట్‌వేర్‌దో తేలిపోతుంది. ఇంగ్లీషు గొప్పగా రానక్కర్లేదు, పొడి వాక్యాలు చాలు. ఇలా పంపినవన్నీ మీ పేరు మీద అక్కడ నిలిచి ఉంటాయి. ఉద్యోగం ఇంటర్వ్యూలో సర్టిఫికెట్టు కన్నా అవి ఎక్కువ మాట్లాడతాయి. ఆ తర్వాత కోడ్‌లోకి దిగాలంటే ఈ మూడింటికీ ముఖ్యంగా కావలసింది సీ ప్లస్ ప్లస్.

షాపు యజమానులకు కూడా ఒక విన్నపం. బిల్లులో తోరణాలకు, జనరేటర్‌కు, కూలీకి వేరువేరుగా లైన్లు రాస్తారు. ప్రోగ్రాంకు కూడా ఒక లైను రాయండి. అది ఉచితంగా వచ్చేదని కమిటీవాళ్లు అనుకున్నంతకాలం ఆ కుర్రాడికి విలువ ఇవ్వరు. రెండేళ్లు నేర్చుకుని వాడు ఊరు వదిలి పోతాడు.

సంక్రాంతి తోరణాలు దింపిన దగ్గర్నుంచి వేసవి పండగలకు బేరాలు మొదలయ్యేదాకా షాపుల్లో కాస్త ఖాళీ దొరుకుతుంది. ఒక పాట, యాభై బల్బులు, ఒక ఈఎస్‌పీ32 బోర్డు సమకూర్చుకుని ఆ ఖాళీలో కూర్చోండి. కనిపించిన మొదటి లోపాన్ని రాసి పంపండి.