ఈ-రీడర్ కొనేముందు మీ పీడీఎఫ్‌ను కొలవండి

కిండిల్ తీసుకోవాలా, బూక్స్ తీసుకోవాలా అని అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒకటే: మీరు చదవబోయే ఫైళ్లు ఏ రకం? ఇంగ్లిషు నవలలు, మేనేజ్‌మెంటు పుస్తకాలే అయితే పెద్దగా ఆలోచించక్కర్లేదు, ఆరేడు అంగుళాల కిండిల్ ఏదైనా సరిపోతుంది. తెలుగు చదివే ఉద్యోగికి లెక్క వేరు. 2016 చివర్లో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు తెలుగు అందులో లేదు. మనం చదివేవాటిలో చాలాభాగం పీడీఎఫ్‌లే: ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత పుస్తకాల స్కాన్లు, గ్రూప్స్ మెటీరియల్, డిపార్ట్‌మెంటల్ టెస్టుల నోట్సు, జీవోలు.

పీడీఎఫ్‌లో పేజీ కదలదు. అక్షరం పెద్దది చేస్తే పేజీ మొత్తం పెద్దదై అంచులు తెర దాటిపోతాయి. మామూలు తెలుగు నవల డెమీ సైజు, అంటే 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. ఆరంగుళాల రీడర్ అంటే మూల నుంచి మూలకు ఆరు. నిజంగా కనిపించే తెర 3.6 × 4.8 అంగుళాలే. ఆ పేజీ అందులో ఇమిడేసరికి 12 పాయింట్ల అక్షరం 7 పాయింట్లకు పడిపోతుంది. ఇంగ్లిషైతే కళ్లు చిట్లించి లాగించేయొచ్చు. మనకు కింద వత్తులు, పైన గుడులు. 'రాష్ట్రం'లో కింది రెండు వత్తులూ నల్లటి మచ్చలా అలుక్కుపోతాయి.

అక్షరం పెంచితే వాక్యాలు తెరకు తగ్గట్టు సర్దుకునే ఈపబ్ ఫైలుగా మార్చుకుంటే పోలా అంటారు. ముందు ఒక పరీక్ష చేయండి. ఫోన్‌లో ఆ పీడీఎఫ్ తెరిచి, ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే అదృష్టం. ఇంగ్లిషు అక్షరాలు, అర్థంలేని గుర్తులు వస్తే అది యూనికోడ్ కాని అను ఫాంట్లలో డీటీపీ చేసిన ఫైలు. అసలు కాపీయే కాకపోతే అది స్కాన్. ఈ రెండు రకాలనూ ఫైళ్లు మార్చే క్యాలిబర్ సాఫ్ట్‌వేర్‌తో మార్చినా చదవదగ్గ తెలుగు రాదు. యూనికోడ్‌లో ఉన్న తెలుగు వికీసోర్స్ పుస్తకాలను మాత్రం ఉచితంగా ఈపబ్‌గా దించుకోవచ్చు.

కాబట్టి స్కాన్లే మీ ప్రధానమైన చదువైతే 10.3 అంగుళాల తెర చూడండి. డెమీ పేజీ దాదాపు అచ్చు పుస్తకంలో ఉన్నంత సైజులోనే కనిపిస్తుంది. ఏ4 నోట్సు అందులోనూ కుంచించుకుపోతుంది. ధర కూడా చిన్న రీడర్‌కు రెండు మూడు రెట్లు పలుకుతుంది, నగరంలో నిలబడి బస్సు ప్రయాణం చేసేవాళ్లకు ఒంటిచేత్తో పట్టుకోవడమూ కష్టమే. అంత పెట్టలేకపోతే ఆరేడు అంగుళాల దానిలోనే కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అది ఖాళీ అంచులు కత్తిరిస్తుంది. రీడర్‌ను అడ్డంగా తిప్పితే డెమీ పేజీలోని అక్షరం మళ్లీ అచ్చు సైజుకు వస్తుంది. ఒక్కో పేజీకి రెండుమూడు సార్లు తెర జరపాలి, అంతే. కోబో, పాకెట్‌బుక్, ఆండ్రాయిడ్‌తో నడిచే బూక్స్‌లలో దీన్ని వేసుకోవడం తేలిక. కిండిల్‌లో జైల్‌బ్రేక్ చేయకుండా, అంటే కంపెనీ పెట్టిన తాళం తీయకుండా కుదరదు. నా ఓటు ఆండ్రాయిడ్ రీడర్‌కే.

ఈ-రీడర్లలో ఉండే ఇ-ఇంక్ తెరల్లో రంగులవాటి జోలికి తొందరపడి వెళ్లకండి. కలైడో 3 అనే రంగుల తెరలో నలుపు తెలుపులకు అంగుళానికి 300 చుక్కలుంటే రంగుకు 150 మాత్రమే, పైగా రంగుల పొర వల్ల కాగితం కాస్త మసకబారినట్టుంటుంది. మ్యాపులు, వీడియో పాఠాలు ముఖ్యమైతే మామూలు ట్యాబ్లెట్ కొనుక్కోండి, ఈ-రీడరే వద్దు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని సాయంత్రం మళ్లీ మెరిసే తెర చూడలేనివాళ్లకు, ఎండలో బస్టాండులో చదివేవాళ్లకు ఇ-ఇంక్ బాగుంటుంది. పేజీ తిప్పినప్పుడే తెర కరెంటు వాడుకుంటుంది కాబట్టి ఛార్జర్ గొడవా తక్కువ.

కొనే ముందు ఎవరిదైనా రీడర్ అడిగి మీ ఫైలే అందులో తెరిచి చూడండి. 'స్త్రీ', 'వాఙ్మయం' విరగకుండా కనిపించాలి. అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకుంటుంటే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. చాలా ఇ-ఇంక్ తెరల వెనక పల్చటి గాజు ఉంటుంది. లంచ్‌బాక్సు పక్కన బ్యాగులో నొక్కుకుపోతే పగులుతుంది, దాన్ని మార్చే ఖర్చు కొత్త రీడర్ ధరకు దగ్గరగా వెళ్లొచ్చు. గట్టి అట్ట ఉన్న కవర్‌ను రీడర్‌తోపాటే కొనండి.