వర్చువల్ మెషీన్‌కు మేలుకొలుపు: బయోసా, యూఈఎఫ్ఐయా?

కంప్యూటరుకు కరెంటు ఇవ్వగానే విండోసో, లైనక్సో తనంతట తాను లేచి కూర్చోదు. దాన్ని డిస్కు మీద వెతికి, మెమరీలోకి తెచ్చి, పని అప్పజెప్పే చిన్న ప్రోగ్రాము ఒకటి మదర్‌బోర్డు చిప్పులో ఉంటుంది. దాని పేరు ఫర్మ్‌వేరు. ఇక, ఒక కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుతో సృష్టించిన మరో కంప్యూటరును వర్చువల్ మెషీన్ అంటారు. దీని ఫర్మ్‌వేరు కూడా ఒక ఫైలే. ఏది కావాలో మనం చెప్పకపోతే సాఫ్ట్‌వేరే ఒకటి తీసుకుంటుంది. అదే డిఫాల్టు. అది ఎలా ఉండాలో విద్యార్థి మిత్రులతో ఆలోచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉన్న పద్ధతులు రెండు. మొదటిది 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన బయోస్. ఇది డిస్కులోని మొదటి సెక్టారును, అంటే 512 బైట్లను చదివి, అందులోని కోడుకు పని అప్పగిస్తుంది. ఆ సెక్టారులోనే ఉండే పాత విభజన పట్టిక సుమారు 2 టెరాబైట్లకు మించిన డిస్కును చూపలేదు. రెండవది యూఈఎఫ్ఐ. ఇంటెల్ కంపెనీ ఇటానియం యంత్రాల కోసం మొదలుపెట్టిన ఈ పద్ధతిని 2005 నుండి ఒక ఉమ్మడి సంస్థ నడుపుతున్నది. ఇది డిస్కులో ప్రత్యేకించిన భాగం నుండి బూటు ఫైలును చదువుతుంది. సెక్యూర్ బూట్ పెట్టుకుంటే ఆ ఫైలు సంతకాన్ని కూడా పరీక్షిస్తుంది.

ఒక పద్ధతిలో తయారైన డిస్కు సాధారణంగా రెండవ దానిలో లేవదు. డేటా ఎక్కడికీ పోదు గానీ మెషీను మాత్రం మొదలుకాదు. మా ఆలూరు వైపు రైతుకు ఇది చెప్పనక్కరలేదు. విత్తేనాడు గొర్రుతో వేసిన సాళ్ళ ఎడాన్ని బట్టే తర్వాత గుంటక తోలాలి. పైరు మొలిచాక సాళ్ళు జరపలేం కదా!

మరి తయారీదారులు ఏం చేశారు? క్యూఈఎంయూలో మామూలు పీసీ మెషీనుకు ఏమీ చెప్పకపోతే సీబయోస్ వస్తుంది; యూఈఎఫ్ఐ కావాలంటే ఓవీఎంఎఫ్‌ను మనమే చూపాలి. మైక్రోసాఫ్ట్ హైపర్-విలో 2013 నుండి రెండు తరాలున్నాయి: మొదటి తరం బయోస్, రెండవ తరం యూఈఎఫ్ఐ. మెషీను సృష్టించాక తరం మార్చడానికి వీల్లేదు. 2022 నవంబరులో హైదరాబాదులో కేంద్రం తెరిచిన అమెజాన్ క్లౌడులో, డిస్కు నమూనాకే బూటు పద్ధతిని రాసిపెట్టవచ్చు. రాయకపోతే ఇంటెల్, ఏఎండీ మెషీన్లకు మామూలుగా బయోస్. గ్రావిటాన్‌కు యూఈఎఫ్ఐ ఒక్కటే.

పాత డిఫాల్టునే పట్టుకుంటే చిక్కేమిటి? 2021లో వచ్చిన విండోస్ 11 నియమాల ప్రకారం యూఈఎఫ్ఐ, టీపీఎం 2.0 ఉండాలి. పోనీ, ఒక్కసారిగా అన్నిటికీ మార్చేస్తే? పాత బయోస్ డిస్కులను కొత్త మెషీనుకు తగిలించేవాళ్ళ పని ఆగిపోతుంది. పైగా యూఈఎఫ్ఐకి బూటు వివరాలుండే చిన్న ఫైలు వేరే ఉంటుంది. మెషీను కాపీ చేసేటప్పుడు దాన్నీ వెంట తీసుకుపోవాలి.

కనుక నా అభిప్రాయం ఇది. కొత్త ఖాళీ డిస్కుతో కొత్త సిస్టం వేసేటప్పుడు యూఈఎఫ్ఐ డిఫాల్టుగా ఉండాలి. ఉన్న డిస్కుకు, అది ఏ పద్ధతిలో పుట్టిందో ఆ పద్ధతే ఉండాలి. సాఫ్ట్‌వేరు వెర్షను మారినా అది మారరాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, మెషీను సృష్టించే తెర మీదే ఈ ఎంపిక రెండు ముక్కల వివరణతో కనపడాలి. నిపుణుడు డిఫాల్టు ఏదైనా తనకు కావలసినట్లు మార్చుకుంటాడు. ఇంట్లో అడగడానికి ఎవరూ లేని మావంటి రైతు బిడ్డలు వచ్చినదాన్నే తీసుకుంటారు. డిఫాల్టు అంటే అడగడం తెలియనివానికి ముందుగా ఇచ్చిన జవాబు. అది సరైనదై ఉండాలి.

మీ మెషీను సంగతి ఇప్పుడే చూసుకోండి. విండోసులో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ‘బయోస్ మోడ్’ వరుసలో లెగసీ అనో, యూఈఎఫ్ఐ అనో ఉంటుంది. లైనక్సులో సిస్ లోపల ఫర్మ్‌వేర్, దానిలో ఈఎఫ్ఐ అనే ఫోల్డరు ఉంటే అది యూఈఎఫ్ఐతో లేచినట్లే. ఆ ఒక్క మాట డిస్కు పేరు పక్కన రాసిపెట్టుకుంటే మీ తర్వాత ల్యాబుకు వచ్చే జూనియర్లకు ఎంతో శ్రమ తప్పుతుంది.