లేత ప్లేట్‌లెట్లు – రోగనిర్ణయం

కార్తిక మాసపు వానలకు మన నెల్లూరు తీరగ్రామాలలో నీరు నిలిచిన దినాలలో డెంగీ జ్వరం మాట తరచుగా వినవస్తుంది. రోగి బంధువులు వైద్యుని మొదట అడిగేది ‘ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నవి?’ అనియే. ఎంత తగ్గినవన్న ప్రశ్నతోపాటు ఎందుకు తగ్గినవన్న ప్రశ్న కూడ ముఖ్యమని ఈ వ్యాసంలో మనవి చేయదలచాము.

రక్తం గడ్డకట్టి గాయం మూసుకొనుటకు తోడ్పడే సూక్ష్మ కణఖండాలే ప్లేట్‌లెట్లు. ఆరోగ్యవంతుని ఒక మైక్రోలీటరు రక్తంలో ఇవి సుమారు 1,50,000 నుండి 4,50,000 వరకు ఉంటాయి. ఎముకల మూలుగలోని మెగాకారియోసైట్లు అనే పెద్ద కణాలనుండి ఇవి పుడతాయని 1906లో జేమ్స్ హోమర్ రైట్ వెల్లడించాడు. వీటి ఆయువు సుమారు ఏడు నుండి పది దినాలు.

గాదెలో ధాన్యం తరిగినదంటే కారణం రెండు విధాలుగా ఉండవచ్చును: పంట పండకపోవడం, లేదా పండిన ధాన్యాన్ని ఎలుకలు తినివేయడం. ప్లేట్‌లెట్ల విషయమూ ఇంతే. మూలుగ దెబ్బతిన్నచో ఉత్పత్తి సన్నగిల్లుతుంది. ఫోలిక్ ఆమ్లం కొరవడినను అట్లే జరుగవచ్చును. ఆ ఆమ్లాన్ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారని స్మరించుట మనకు గర్వకారణం.

రెండవ విధం నాశనం. 1950లో విలియం హారింగ్టన్ అనే అమెరికా వైద్యుడు ప్లేట్‌లెట్లు క్షీణించిన రోగి రక్తాన్ని తన శరీరంలోనికి ఎక్కించుకొన్నాడు. కొద్ది గంటలలోనే ఆయన ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోయినవి. రోగి రక్తంలోని ఏదో పదార్థం వాటిని నాశనం చేస్తున్నదని ఆ సాహసంవల్ల లోకానికి తెలిసినది. ఆ వ్యాధినే నేడు ఐ.టి.పి. అంటున్నారు.

ఈ రెండింటిని వేరుచేయుట ఎట్లు? కొత్త ధాన్యాన్ని దాని పచ్చిదనమే పట్టి ఇచ్చినట్లు, లేత ప్లేట్‌లెట్లను వాటిలోని ఆర్.ఎన్.ఎ. పట్టి ఇస్తుంది. 1969లో ఇంగ్రామ్, కూపర్‌స్మిత్ అనే శాస్త్రజ్ఞులు రంగు పట్టించి వీటిని గుర్తించారు. నేడు కొన్ని రక్తపరీక్షా యంత్రాలు ఆర్.ఎన్.ఎ.కు అంటుకొని కాంతినిచ్చే రంజకాన్ని ఉపయోగించి, మొత్తం ప్లేట్‌లెట్లలో లేతవి ఎంత శాతమో సాధారణ రక్త నమూనాతోనే తెలుపుతున్నవి. ఆరోగ్యవంతులలో ఇది సుమారు 1 నుండి 6 శాతం. యంత్రాన్నిబట్టి కొంత మారుతుంది. సంఖ్య తక్కువై లేతవాటి శాతం బాగా పెరిగినచో మూలుగ శ్రమిస్తున్నదనీ, నష్టం బయట జరుగుతున్నదనీ ఊహించవచ్చును. శాతం పెరగనిచో ఉత్పత్తిలోనే లోపమున్నదేమోనని అనుమానించాలి. దీనివలన కొందరికి మూలుగ తీసి పరీక్షించే బాధ తప్పవచ్చును.

డెంగీలో మూలుగ మందగించడమూ, బయట నాశనమూ రెండూ జరుగుతాయి. లేతవాటి శాతం పెరిగినచో, సంఖ్య ఒకటి రెండు దినాలలో కోలుకొనవచ్చునన్న ముందు సూచన లభిస్తుంది. రక్తస్రావం లేని రోగికి సంఖ్య 10,000కు దిగువకు పోనంతవరకు సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించనవసరం లేదని మన దేశపు చికిత్సా సూత్రాలు చెబుతున్నవి. అయినను భయంతో బంధువులు దాతలకోసం పరుగులు తీయడం మనం చూస్తున్నదే. డెంగీలో రక్తనాళాలనుండి ద్రవం కారిపోవడం పెద్ద ప్రమాదమని వారు గ్రహించాలి.

ఈ పరీక్ష సర్వస్వం కాదు. శాతంతోపాటు లేతవాటి అసలు సంఖ్యనూ చూడాలి. ఒక్కొక్కసారి పరీక్షనాళికలో ప్లేట్‌లెట్లు ముద్దకట్టి, లేని కొరత ఉన్నట్లు కనిపిస్తుంది. కనుక గాజుపలకపై రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో చూడడం మానరాదు. తుది నిర్ణయం వైద్యునిదే.

విద్యార్థి మిత్రులారా! అంకె కనబడగానే భయపడక, దాని వెనుకనున్న కారణాన్ని వెదకడమే విజ్ఞానశాస్త్రం నేర్పే మొదటి పాఠం. ఈ పాఠాన్ని మీ ఇండ్లకు, మీ వీధులకు చేరవేయగలరని ఆశిస్తున్నాము.