కొండబాటలో ఒక వానదినము

అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పు భాగమున అపలేషియన్ పర్వతములు అను పురాతన పర్వతపంక్తి కలదు. ఆ శిఖరముల మీదుగా, లోయలగుండా ఒక కాలిబాట సాగిపోవుచున్నది. దక్షిణమున జార్జియా రాష్ట్రములోని స్ప్రింగర్ పర్వతము దాని మొదలు. ఉత్తరమున మెయిన్ రాష్ట్రములోని కటాడిన్ పర్వతము దాని తుద. ఆ బాట 14 రాష్ట్రములగుండా పోవును. దాని నిడివి సుమారు 3,500 కిలోమీటర్లు. ఇట్టి బాట యొకటి యుండవలెనని 1921లో బెంటన్ మెకాయ్ అను నతడు సూచించెను. 1937 నాటికి అది పూర్తియయ్యెను. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అను 67 ఏండ్ల వృద్ధురాలు భుజమున ఒక గుడ్డసంచి వేసికొని, ఆ బాటనంతయు ఒంటరిగా నడిచి అందరిని ఆశ్చర్యపరచెను.

నేనును నా మిత్రుడును ఆ బాటలో కొంతభాగము నడువ నిశ్చయించుకొంటిమి. న్యూహాంప్‌షైర్ రాష్ట్రములోని వైట్ మౌంటెన్స్ అను కొండలమీదుగా రెండు వారముల ప్రయాణము మా సంకల్పము. గుడారము, పరుపుసంచి, చిన్న పొయ్యి, ఆహారము, మార్పుబట్టలు—ఇవన్నియు వీపున మోయవలసినదే. దారి తప్పకుండుటకై చెట్లపైనను బండలపైనను తెల్లని రంగుతో చిన్న పట్టెలు గీసియుందురు. ఆ పట్టెలే బాటసారికి మార్గదర్శకులు.

అది శరదృతువు. లోయలలోని మేపుల్ చెట్ల ఆకులు కుంకుమవలె ఎఱ్ఱబారినవి. బిర్చి చెట్లు పసుపు పూసికొన్నట్లుండెను. ఆరు దినములు ఎండలో హాయిగా నడిచితిమి. ఏడవ దినమున లిబర్టీ శిఖరమునకు దిగువనున్న విడిదిలో మేలుకొనుసరికి, గుడారముపై వాన చిటపట శబ్దము చేయుచుండెను. బయట పది అడుగుల దూరములోని చెట్టు కూడ కానరాకుండునట్లు పొగమంచు క్రమ్మియుండెను.

“ఈ దినము ఇచటనే ఉందమా?” అని నా మిత్రు డడిగెను.

“వానకు వెఱచినచో మన లెక్క తప్పును. పోదము పద” అంటిని. దినమునకు ఇన్ని మైళ్లని కాగితముపై వ్రాసికొన్న లెక్క నాకు వేదవాక్య మయ్యెను.

బాట వాగువలె పాఱుచుండెను. తడిసిన వేళ్లపైనను రాలిన ఆకులపైనను కాళ్లు జాఱుచుండెను. నా మిత్రుడు నూలుబట్టలు ధరించియుండెను. వానకోటు ఉన్నను, మెడనుండియు చేతులనుండియు నీరు లోనికి దిగి అవి తడిసి ముద్దయ్యెను. సుమారు రెండు గంటలు నడిచి లిటిల్ హేస్టాక్ అను శిఖరమునకు చేరితిమి. అంతటితో చెట్లు ముగిసినవి. అచటినుండి లాఫయెట్ శిఖరము దాటువరకు, సుమారు 3 కిలోమీటర్ల మేర, గాలికి అడ్డమైన చెట్టొకటియు లేదు, అంతయు రాతివెన్నెముక. మేము తల యెత్తగనే గాలి మమ్ములను పడద్రోయునట్లు కొట్టెను.

నా మిత్రుని పళ్లు పటపట కొట్టుకొనుచుండెను. ఊడిన బూటుత్రాడును ముడివేసికొన వంగెను గాని, కొయ్యబాఱిన వ్రేళ్లు ఆ పనికి లొంగలేదు. “నిన్న రాత్రి మన మెచట నుంటిమి?” అని ప్రశ్నించితిని. అతడు కొంతసేపు నావంక చూచి, తడబడు మాటలతో ఎప్పుడో నాలుగు దినముల క్రిందట విడిసిన చోటు పేరు చెప్పెను. నా గుండె జల్లుమనెను.

మానవదేహపు ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు. లోపలి వేడి 35 డిగ్రీలకంటె తగ్గినచో ప్రాణాపాయము సంభవింపవచ్చును. తడిబట్టలు దేహపు వేడిని త్వరగా హరించును. గాలి ఆ నష్టమును ఇనుమడింపజేయును. తడిసిన నూలుబట్ట చలి నాపజాలదు. ఉన్నిబట్ట తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. మొదట వణకు, పిమ్మట చేతులు కాళ్లు స్వాధీనము తప్పుట, మాట తడబడుట, మతి చెదరుట—ఇవి దాని గుర్తులు. పిమ్మట వణకు దానంతట అది నిలిచిపోయినచో మేలు కలిగెనని భ్రమపడరాదు. అది మఱింత కీడునకు సూచన.

అచటినుండి లోయలోనికి దిగు బాట యొకటి కలదు. కాని అది సెలయేటిని పలుమార్లు దాటును. ఆ వానలో ఏరు పొంగియుండును. ముందునకు పోరాదు, క్రిందికి దిగరాదు. వచ్చిన దారినే మరలుట యొక్కటే క్షేమము. నా లెక్కకాగితమును మఱచి, అతని చేయి పట్టుకొని పొట్టి దేవదారు చెట్ల చాటునకు నడిపించితిని. గుడారము వేసి, తడిబట్టలు విప్పించి, పొడి ఉన్నిబట్టలు తొడిగి, పరుపుసంచిలో పరుండజేసితిని. బయట బండచాటున పొయ్యి వెలిగించి, చక్కెర మెండుగా వేసిన వేడి తేనీరు కొంచెము కొంచెముగా త్రాగించితిని. గంటన్నరకు వణకు తగ్గి, అతని మాట చక్కబడెను.

“ఉదయము నీవు నా మాట వినియున్నచో బాగుండెడిది” అని మెల్లగా నవ్వెను. నాకు బదులు దొరకలేదు. సాయంకాలమునకు మెల్లగా మరల విడిది చేరితిమి.

మఱునాడు ఆకాశము నిర్మలముగా నుండెను. ముందునాడు మమ్ములను వెనుకకు త్రిప్పిన ఆ వెన్నెముకపై ఎండలో నడిచితిమి. తూర్పున వాషింగ్టన్ పర్వతము స్పష్టముగా కానవచ్చెను. 1934వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీన ఆ శిఖరముపై గంటకు 231 మైళ్ల గాలివేగమును కొలిచిరట! అట్టి కొండలయెదుట నా కాగితపు లెక్క యెంత? మేము ఒక దినము ఆలస్యముగా గమ్యము చేరితిమి. కాని ఇద్దరమును చేరితిమి. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పుమాట నాకు ఆ వానలో బోధపడెను.

ప్రశ్నలు

1. రచయిత ఉదయమున చేసిన పొరపాటు ఏది? దానికి కారణమేమి?
2. మిత్రుని స్థితి అపాయకరమని రచయిత ఎట్లు గ్రహించెను?
3. లోయలోనికి దిగు బాటను రచయిత ఏల విడిచెను?