అడగడమూ నేర్చుకోవాల్సిందే

ఆన్‌లైన్ క్లాసు సగంలో "అందరికీ అర్థమైందా?" అని సార్ అడుగుతారు. చాట్‌లో వరసగా "ఎస్ సార్", "ఎస్ సార్" అని పడుతుంది. సార్ తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోతారు. వారం తిరిగి అసైన్‌మెంట్లు చేతికొచ్చాక గానీ, ఎస్ అన్నవాళ్లలో చాలామందికి విషయం అందలేదని బయటపడదు. పిల్లలు అబద్ధమాడారని కోప్పడి లాభం లేదు. నలుగురూ ఎస్ అంటున్నప్పుడు ఒక్కరే నో అని టైపు చేయడం ఎవరికైనా కష్టమే. తరగతి గదిలో ఆ అవసరం పెద్దగా పడదు. నుదురు ముడిపడుతుంది, పెన్ను ఆగిపోతుంది, చూపు పక్కవాళ్ల నోట్సు మీదికి పోతుంది. అనుభవమున్న టీచరు అది చూసి, అడక్కుండానే ఇంకోసారి చెబుతారు. కెమెరాలు ఆపేసిన తెర మీద ఈ ఆసరా ఉండదు. అర్థమైనవారి మౌనం, అర్థం కానివారి మౌనం, ఫోన్ పక్కన పెట్టి టీకి వెళ్లినవారి మౌనం అక్కడ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఆన్‌లైన్ కోర్సులో చెప్పేవారికీ నేర్చుకునేవారికీ మాట కలవాలంటే, ముందు అర్థం కానిది ఏమిటో మాటల్లోకి రావాలి. దాన్ని మాటల్లో పెట్టడం విద్యార్థి సాధన చేసి తెచ్చుకోవాల్సిన నేర్పు. అలా పెట్టినందుకు ఎవరూ చిన్నబోకుండా చూసుకోవడం బోధించేవారి పని. ఈ రెండూ కుదరని చోట ఎంత మంచి వీడియో అయినా ఒకవైపు నుంచి సాగే ప్రసంగంగానే మిగిలిపోతుంది.

దూరవిద్యలో దూరాన్ని కిలోమీటర్లలో కొలవకూడదని మైఖేల్ మూర్ అనే విద్యావేత్త 1970లలోనే చెప్పాడు. బోధించేవారి మనసులో ఉన్నదానికీ నేర్చుకునేవారికి అందినదానికీ మధ్య ఉండే ఎడమే ఆయన దృష్టిలో అసలు దూరం. ఇద్దరి మధ్య సంభాషణ ఎంత ఉంది, కోర్సు చట్రం ఎంత బిగువుగా ఉంది, విద్యార్థి తనంతట తాను ఎంతవరకు నడవగలడు అన్నవాటిని బట్టి ఆ ఎడం పెరుగుతుంది, తగ్గుతుంది. ఈ లెక్కన పెద్ద హాల్లో చివరి బెంచీలో కూర్చుని ఏనాడూ నోరు విప్పని విద్యార్థి, వందల మైళ్ల అవతల నుంచి వారానికో ప్రశ్న రాసే విద్యార్థి కంటే దూరంగా ఉన్నట్టే. ఈ ఎరుక మన దగ్గరా ఉండేది. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పుస్తకాలు పంపి చేతులు దులుపుకోకుండా స్టడీ సెంటర్లు పెట్టి, ఉద్యోగస్థులు వచ్చి సందేహాలు అడిగేందుకు వీలుగా కౌన్సెలింగ్ తరగతులు నడిపింది. 1971లో పాఠాలు మొదలుపెట్టిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీకి టీవీ ప్రసారాల వల్ల పేరొచ్చింది కానీ, విద్యార్థి అసైన్‌మెంటు మీద ట్యూటర్ రాసే వ్యాఖ్యలను కూడా అది బోధనలో భాగంగానే చూసింది. కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి, తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ల ద్వారా పాఠాలు మొదలైనప్పుడు కూడా టీవీ తిరిగి జవాబు చెప్పదు కనుక ఉపాధ్యాయులు ఫోన్లు, వాట్సాప్ పట్టుకుని పిల్లల వెంట పడాల్సి వచ్చింది. వీడియో తీయడం, పంపడం చవకయ్యాక, విద్యార్థి మాట విని జవాబిచ్చే ఈ రెండో సగమే మన చేతుల్లోంచి జారింది. పాఠం అప్‌లోడ్ చేస్తే బోధన పూర్తయినట్టే అన్న భావన స్థిరపడింది.

2011లో స్టాన్‌ఫర్డ్ నుంచి సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కలిసి కృత్రిమ మేధ మీద ఉచితంగా పెట్టిన కోర్సులో సుమారు 1,60,000 మంది చేరారు. చదువు ప్రపంచమే మారిపోతుందన్న ఉత్సాహం అప్పుడు అంతటా కనిపించింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో హార్వర్డ్, ఎంఐటీలు ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదికలో నడిపిన కోర్సులను జస్టిన్ రైష్, హోసే రుయిపెరెజ్ వాలియెంటే అనే పరిశోధకులు పరిశీలించి 2019లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. 2017-18లో చేరిన మొత్తం మందిలో చివరిదాకా పూర్తిచేసినవారు 3.13 శాతమే. ఇక్కడొక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఉచితం కదా అని తొంగిచూసి వెళ్లినవాళ్లందరినీ వైఫల్యంగా లెక్కకట్టడం సరికాదు. నిజమే. అయితే డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం గట్టిగా చేరినవాళ్లలో కూడా పూర్తిచేసింది 46 శాతమే. ఉద్యోగం, కుటుంబం, కోర్సు అనుకున్నట్టు లేకపోవడం, ఇలా మానేయడానికి కారణాలు ఎన్నో ఉంటాయి. సంభాషణ లేకపోవడమే ఏకైక కారణమని ఈ అంకెలు రుజువు చేయవు. అవి చెప్పేది ఇంకొకటి: ఉత్తమ అధ్యాపకులు, చక్కటి వీడియోలు, సొంత పట్టుదల మూడూ ఉన్నా సగానికి పైగా మధ్యలోనే ఆగిపోతున్నారు. ఒక అధ్యాయంలో ఇరుక్కున్నప్పుడు, ఇరుక్కున్నానని చెప్పుకునే దారి లేని మనిషి ఎక్కువ రోజులు నిలబడడు. ఆ దారి వేయడం మన చేతుల్లో ఉన్న పని.

దారి ఉన్నా ఎందుకు అడగరు అన్నదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం. అడిగితే "ఈమాత్రం తెలీదా" అంటారన్న భయం మనలో బడి రోజుల్లోనే నాటుకుంటుంది. మార్కులు, ర్యాంకుల చుట్టూ పెరిగిన పిల్లలకు డౌట్ అంటే బలహీనత ఒప్పుకోవడం. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు దీని మీద ఇంగ్లిష్ భయం తోడవుతుంది. సబ్జెక్టు ప్రశ్న మనసులో స్పష్టంగానే ఉంటుంది, వాక్యం తప్పు పోతుందేమోనని వేలు సెండ్ బటన్ దగ్గర ఆగిపోతుంది. సహాయం అడగడాన్ని పరిశోధించిన షారన్ నెల్సన్ లెగాల్ 1980లలో ఒక ముఖ్యమైన తేడా చూపింది. జవాబు చేతిలో పెడితే పని అయిపోతుందని అడగడం ఒక రకం. తనే చేయగలిగేలా చిన్న ఊతం కోసం అడగడం మరో రకం. మొదటిది ఇంకొకరి మీద ఆధారపడేలా చేస్తుంది, రెండోది మనిషిని స్వతంత్రుణ్ని చేస్తుంది. మన చదువుల్లో ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, అడగడమంటేనే ఏమీ రానట్టు లెక్కేశారు. అందువల్ల రెండో రకం అలవాటు కావాల్సిన వయసులో చాలామందికి కాలేదు. ఆన్‌లైన్ కోర్సు ఒకరకంగా మంచి అవకాశం. అందరి ముందు లేచి నిలబడాల్సిన పని లేదు, రాసి చూసుకుని పంపొచ్చు.

ఎలా రాయాలో దగ్గరగా చూద్దాం. పైథాన్ కోర్సు చేస్తున్న ఒక అమ్మాయి ఒకటి నుంచి పది దాకా అంకెలు కూడే ప్రోగ్రామ్ రాసిందనుకుందాం. "సార్, నా ప్రోగ్రామ్ పనిచేయడం లేదు, ప్లీజ్ హెల్ప్" అని మెసేజ్ పెడితే సార్ చేయగలిగింది ఏమీ లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లి ఒంట్లో బాగోలేదని ఊరుకుంటే, ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి అని ఆయన అడుగుతూ పోవాల్సిందే. అదే అమ్మాయి ఇలా రాసిందనుకోండి: "సార్, మూడో వారం రెండో లెక్క. జవాబు 55 రావాలి, నాకు 45 వస్తోంది. రేంజ్‌లో 1, 10 అని ఇచ్చాను. 10 కూడా కలుస్తుందనుకున్నాను, కలవట్లేదేమో అని అనుమానం." ఇందులో చోటు ఉంది, రావాల్సింది ఉంది, వచ్చింది ఉంది, తన ఊహ కూడా ఉంది. ఇంత రాసేసరికి సగం సార్లు రాసినవారికే తప్పు దొరికిపోతుంది. దొరక్కపోయినా, ఆ ఊహను రాయడం వల్ల ఆమె ఆలోచన ఏ మలుపులో పక్కకు పోయిందో అవతలివారికి ఇట్టే తెలుస్తుంది. ఇలా అడగడానికి కొంత ధైర్యం కావాలి, ఎందుకంటే తప్పుగా అనుకున్నదాన్ని నలుగురి ముందు పెడుతున్నాం. వ్యక్తిత్వ వికాసం పేరుతో ఆత్మవిశ్వాసం గురించి చాలా చెబుతారు. నాకు తెలిసినంతలో దానికి ఇంతకన్నా మంచి వ్యాయామం లేదు.

జవాబు ఇచ్చేవారి వైపు కూడా అంతే శ్రద్ధ ఉండాలి. "వీడియో మళ్లీ చూడండి" అంటే ఆ అమ్మాయి ఇంకోసారి అడగదు. "11 పెట్టండి" అంటే ఈ లెక్క వస్తుంది, వచ్చే వారం మళ్లీ ఇక్కడే ఆగుతుంది. "మీ అనుమానం సరైనదే. రేంజ్ రెండో సంఖ్యకు ముందే ఆగిపోతుంది, దాన్ని కలపదు. మరి 10 కూడా రావాలంటే ఏం ఇవ్వాలో ప్రయత్నించి, వచ్చింది రాయండి" అంటే పని సాగుతుంది. స్పందన ఏదైనా మేలే అనుకోవడానికి లేదు. అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి అనే పరిశోధకులు 1996లో అప్పటిదాకా వచ్చిన ఎన్నో ప్రయోగాలను కలిపి చూస్తే, స్పందన సగటున మేలు చేసినా మూడోవంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గిందని తేలింది. మాట చేస్తున్న పని మీద కాక మనిషి మీదికి మళ్లితే నష్టం జరుగుతుందని వారి వివరణ. "బాగా చదవండి", "మీరు తెలివైనవారు" రెండూ ఆ కోవలోవే. లైవ్ క్లాసులో ఇంకొకటి గమనించాలి. మేరీ బడ్ రో 1970లలో తరగతి గదులు పరిశీలిస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తున్నాయని తేలింది. నెట్ ఆలస్యం, ఫోన్ మీద టైపింగ్ కలుపుకుంటే ఆన్‌లైన్‌లో మూడు సెకన్లు ఏమూలకూ చాలవు. అర్థమైందా అని అడిగే బదులు చిన్న లెక్క ఇచ్చి, అరనిమిషం పూర్తిగా మౌనంగా ఉండి, వచ్చిన జవాబు చాట్‌లో పెట్టమంటే ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది. అడిగేవారి భయం పోగొట్టడమూ జవాబిచ్చేవారి పనే. ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుడు తన దగ్గరికి వచ్చిన ఆరుగురిని ఒక ఏడాది ఉండమని, తర్వాత ఇష్టమొచ్చింది అడగమని, తనకు తెలిసినదైతే చెబుతానని అంటాడు. తెలిసినదైతే అన్న ఆ షరతు గురువు నోట రావడం నాకు గొప్పగా అనిపిస్తుంది. తనకూ తెలియనిది ఉండొచ్చని చెప్పే గురువు దగ్గర శిష్యుడికి భయం ఉండదు. మొదటి వారంలోనే తెలుగులో రాసినా, రెండు భాషలు కలిపి రాసినా జవాబిస్తానని చెప్పడం, ఎన్ని గంటల్లోపు జవాబు వస్తుందో ముందే చెప్పి ఆ మాట నిలబెట్టుకోవడం కూడా ఇలాంటివే.

వేలమంది ఉన్న కోర్సులో ఇదంతా ఎలా సాధ్యం అని ఎవరైనా అడగొచ్చు. నిజంగా బరువైన అభ్యంతరమే. జార్జియా టెక్ ఆన్‌లైన్ మాస్టర్స్‌లో అశోక్ గోయెల్ చెప్పే ఒక్క కోర్సులోనే సుమారు 300 మంది విద్యార్థులు సెమిస్టర్‌కి దాదాపు 10,000 మెసేజ్‌లు పెట్టేవారు. 2016లో ఆయన జిల్ వాట్సన్ అనే ప్రోగ్రామ్‌ను సహాయకురాలి పేరుతో ప్రవేశపెట్టాడు. జవాబు సరైనదని 97 శాతం నమ్మకం ఉంటేనే అది నోరు విప్పేది. గడువు ఎప్పుడు, ఫైలు ఏ రూపంలో పంపాలి వంటి ప్రశ్నలు దానికి వెళ్లిపోతే మనుషులకు అసలు సందేహాల మీద కూర్చునే సమయం దొరుకుతుందన్నది ఆలోచన. యంత్రం లేకపోయినా పద్ధతి పనిచేస్తుంది. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు ఒక పేజీ రాసి పెట్టి, తోటి విద్యార్థుల జవాబులను ప్రోత్సహించి, సార్ మిగతావాటిని పట్టించుకోవచ్చు. పైగా అందరికీ కనిపించే చోట ఒకరికి ఇచ్చిన మంచి జవాబు, అదే సందేహంతో నోరు విప్పని ఎంతోమందికి చేరుతుంది. వ్యక్తిగత మెసేజ్‌లో ఇస్తే ఒక్కరితోనే ఆగిపోతుంది.

ఇప్పుడు చాట్‌బాట్‌లు అర్ధరాత్రి కూడా క్షణంలో జవాబిస్తున్నాయి, మనిషి ఎందుకన్న వాదన బలంగానే వినిపిస్తోంది. ఊతం కోసం అడిగేవారికి అది ఉపయోగపడుతుంది, కాదనను. అయితే జవాబే చేతిలో పెట్టమంటే పెట్టేస్తుంది, ఆ నిగ్రహం అడిగేవారికే ఉండాలి. ఇంకా పెద్ద నష్టం కోర్సుకు జరుగుతుంది. నలభై మంది ఒకే చోట ఇరుక్కుని నలభై మందీ బాట్‌నే అడిగితే, ఆ పాఠంలో లోపం ఉందని పాఠం చెప్పినవారికి ఎన్నటికీ తెలియదు. వచ్చే ఏడాది మరో నలభై మంది అక్కడే ఆగుతారు. సందేహం అడగడం విద్యార్థి తన కోసం చేసుకునే పనే అయినా, దాన్నుంచి నేర్చుకోవాల్సినవారు అటువైపు కూడా ఉన్నారు.

అందుకే జవాబు అందిన తర్వాతి మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఎక్కువ సంభాషణలు రెండు మాటలతో తెగిపోతాయి. విద్యార్థి అడుగుతారు, సార్ చెబుతారు, "థ్యాంక్యూ సార్" దగ్గర ముగుస్తుంది. చెప్పింది పనిచేసిందో లేదో ఎవరికీ తెలియదు. ఆ పైథాన్ అమ్మాయి మరుసటి రోజు వచ్చి, "11 ఇస్తే 55 వచ్చింది సార్. సరి సంఖ్యలు మాత్రమే కూడదామని చూశాను, అది కూడా వచ్చింది" అని రాస్తే సార్‌కు తన మాట ఎక్కడిదాకా పనిచేసిందో తెలుస్తుంది. "11 ఎందుకో ఇంకా అర్థం కాలేదు సార్" అని రాస్తే ఇంకా మంచిది. ఆ ఒక్క వాక్యం వల్ల వచ్చే బ్యాచ్‌కి ఆ వీడియోలో రేంజ్ గురించి ఇంకో రెండు నిమిషాలు చేరతాయి.